నలభై ఏడో పేజీలో లెక్కల మిస్

రిటైరయ్యాక నాకు దొరికిన పెద్ద సుఖం మధ్యాహ్నం పూట పుస్తకం చదువుకోవడం. ముప్పై ఏళ్లకు పైగా సికింద్రాబాదులోని కార్ఖానా అనే పేటలో ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పాను. అన్నేళ్లూ నా చదువంతా ముక్కలు ముక్కలుగానే సాగింది. స్టాఫ్ రూములో పది నిమిషాలు, బస్టాపులో పావుగంట, కుక్కరు మూడో విజిల్ వేసేలోగా రెండు పేజీలు. ఇప్పుడు అన్నం తిన్నాక కిటికీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటే, చర్చి గంట సాయంత్రం ప్రార్థనకు కొట్టేదాకా నన్ను కదిలించేవాళ్లు లేరు.

నాకు కొత్తవాళ్ల పుస్తకాలే కావాలి. పాతవాళ్లు గొప్పవాళ్లే, కాదనను. కానీ నేనెక్కిన బస్సే ఎక్కి, నేను కూరలు కొన్న సంతలోనే కూరలు కొన్న మనిషికి, నాకు కనిపించనిది ఏం కనిపించిందో తెలుసుకోవాలని నా ఆశ. ఈ మధ్య వచ్చే నవలల్లో మనుషులు పెద్దగా ఏమీ చెయ్యరు. ఒక నవలలో ఒకావిడ నూట ఎనభై పేజీలు ఇల్లు మారాలా వద్దా అని ఆలోచించి, చివరికి కర్టెన్లు ఉతికి ఆరేసింది. అంతే, అయిపోయింది. మా ఆయనకు చెబితే, వారం రోజులపాటు కాఫీ ఇచ్చినప్పుడల్లా, "మారిందా ఆవిడ? ఇంకా లేదా?" అని అడిగారు. నాకు మాత్రం ఆ నవల నచ్చింది. నేనూ అలా ఆలోచిస్తూ కర్టెన్లు ఉతికిన రోజులు ఉన్నాయి.

నవలలకంటే ఎక్కువగా జ్ఞాపకాల పుస్తకాలు చదువుతాను. ఒకప్పుడు ఆత్మకథ రాయాలంటే జైలుకైనా వెళ్లి ఉండాలి, మంత్రి పదవైనా చేసి ఉండాలి. ఇప్పుడు నర్సు రాస్తోంది, లారీ డ్రైవరు రాస్తున్నాడు, హాస్టల్లో వంట చేసినావిడ రాస్తోంది. వాళ్ల పుస్తకాల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ ఒక చెడ్డ టీచరు ఉంటుంది. కొట్టేవాళ్లు, వెనక బెంచీలోకి తోసేవాళ్లు, పిల్లల బట్టల్ని వెక్కిరించేవాళ్లు. ఆ పేజీలకు వచ్చేసరికి నాకు ఒళ్లు మండేది. "ఇలాంటి వాళ్లను బళ్లోకి ఎందుకు రానిస్తారో!" అని పైకే అనేసేదాన్ని.

పోయిన ఏడాది వానలు మొదలైన రోజుల్లో ఒక పుస్తకం తెప్పించుకున్నాను. రాసినావిడ సికింద్రాబాదు మనిషేనని వెనక అట్ట మీద ఉంది. పేరు చూస్తే నాకు తెలిసినట్టేమీ అనిపించలేదు. ఇంటిపేరు మారింది కాబోలు, లేదా ఎన్ని వందల మంది పిల్లలో, ఎవరని గుర్తుంటారు? తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబం, రెండు గదుల ఇల్లు. ఆమె అబ్బా అని పిలిచే తండ్రిది పరుపులు కుట్టే దుకాణం. తల్లి ఇంట్లోనే కూర్చుని జాకెట్లకు హుక్కులు, చీరలకు ఫాల్స్ కుట్టేది. తండ్రి కనుబొమల మీద ఎప్పుడూ దూది అంటుకుని ఉండేదట. అది చూసి ఆ పిల్ల తన తండ్రి ముసలివాడైపోయాడని బెంగపెట్టుకుని రెండు రోజులు అన్నం తినలేదట. ఆ ఒక్క సంగతితోనే ఆవిడ నన్ను తన వెంట లాక్కుపోయింది. పెన్సిల్ తీసుకుని మంచి వాక్యాల కింద గీతలు గీసుకుంటూ చదివాను.

నలభై ఏడో పేజీకి వచ్చాను.

అక్కడ ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి. నల్గొండలో ఉండే పిన్ని ఇచ్చిన ఒక నవల ఆమె దగ్గర ఉంది. అట్ట లేదు, మొదటి పేజీలు కొన్ని లేవు. అందుకని దాని పేరేమిటో, రాసిందెవరో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. రోజూ సాయంత్రం తల్లి హుక్కులు కుడుతుంటే, ఈ అమ్మాయి పక్కన కూర్చుని కొంత కొంత చదివి వినిపించేది. తల్లికి చదవడం కాస్త వచ్చు, కానీ చేతులు ఖాళీగా ఉంటే కదా. ఇంకో అరవై పేజీలు ఉన్నాయనగా ఈ అమ్మాయి సాయంత్రం దాకా ఆగలేక పుస్తకాన్ని బడికి తెచ్చుకుంది. లెక్కల క్లాసులో నోటుబుక్కు కింద పెట్టుకుని చదువుతూ దొరికిపోయింది.

లెక్కల మిస్ పుస్తకం లాక్కుంది. అందులోవి రెండు వాక్యాలు క్లాసంతా వినేలా, నాటకంలో డైలాగు చెప్పినట్టు చదివింది. ఆ తర్వాత, "ఈ హీరోయిన్‌కి కారణాంకాలుగా విడగొట్టడం వచ్చా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. పుస్తకం మిస్ బల్ల సొరుగులోకి పోయింది. "మిస్ దాన్ని తిరిగి ఇవ్వలేదు" అన్న వాక్యంతో ఆ పేరా ముగిసింది. తర్వాత తల్లీకూతుళ్లు మిగిలిన కథను తామే అల్లుకున్నారట. ఒకసారి పెళ్లి చేసి, ఒకసారి విడగొట్టి, ఒకసారి హీరోయిన్‌కు రైల్వేలో ఉద్యోగం ఇప్పించి.

ఆ లెక్కల మిస్ ఎలా ఉండేదో కూడా రాసింది. ఎడమ చేత్తో బోర్డు మీద రాసేదట. అందుకని వాచీ కుడి చేతికి పెట్టుకునేదట.

నేను తల దించి నా కుడి చేతి వాచీ వైపు చూశాను. మూడుంబావు అయింది.

మొదట వచ్చింది కోపమే. అబద్ధం అనుకున్నాను. పిల్లల వస్తువు ఒక్కటైనా నేను ఇంటికి తెచ్చుకున్న పాపాన పోలేదు. గోలీలు, జామకాయలు, బొమ్మల కార్డులు, ఏది తీసుకున్నా టర్ము చివర అమ్మానాన్నలను పిలిచి చేతిలో పెట్టేదాన్ని. అలాంటిది పుస్తకం ఉంచుకుంటానా? అదీ నేను! పబ్లిషరుకు ఉత్తరం రాద్దామని కాగితం తీశాను. "ఆర్యా" అని రాసి ఆగిపోయాను.

ఎందుకంటే కారణాంకాల మాట నాదే. ఆ రోజు గుర్తు లేదు, ఆ పిల్ల గుర్తు లేదు, కానీ ఆ మాట వింటే నా గొంతు నాకు వినిపించింది. క్లాసులో నిద్రపోయే పిల్లలతో, "కలలో ఎక్స్ విలువ ఎంత వచ్చింది?" అనేదాన్ని. క్రికెట్ మాట్లాడేవాళ్లతో, "మీ ఓపెనర్‌ని పిలవండి, ఈ లెక్క చేస్తాడేమో" అనేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు. క్లాసు హాయిగా నడుస్తోందని అనుకునేదాన్ని. నవ్వని పిల్ల ఒకతి ఉంటుందని తట్టలేదు.

మా ఆయన హాల్లో పేపరు చదువుతున్నారు. వెళ్లి అడిగాను. "ఏవండీ, నేను పిల్లల్ని ఏడిపించేదాన్నా?"

ఆయన పేపరు దించారు. "ఏడిపించడం అంటే తెలీదు గానీ, భయపడేవాళ్లు. మన పక్కింటి వాళ్లబ్బాయి నువ్వు గేటు తీస్తుంటే మేడెక్కేసేవాడు కదా."

"మీరు నాకెప్పుడూ చెప్పలేదే?"

"నాకూ భయమేగా" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. ఆయనకు పేజీ చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, "బాగానే రాసిందోయ్" అన్నారు.

ఆ తర్వాత రెండు రోజులు ఇల్లంతా వెతికాను. రెండు ఇళ్లు మారాం, ఎన్నో పుస్తకాలు చర్చి లైబ్రరీకి ఇచ్చేశాం. అట్టలేని నవల ఎక్కడా కనిపించలేదు. దొరకనందుకు సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. ఇన్నేళ్లూ జ్ఞాపకాలు చదివేటప్పుడు నేను రాసినవాళ్ల పక్కనే నిలబడ్డాను. బల్లకు అటువైపు నిలబడటం ఇదే మొదటిసారి.

పుస్తకం లోపలి పేజీలో ఉన్న పబ్లిషరు నంబరుకు ఫోను చేసి, రాసినావిడతో మాట్లాడాలని, నేను ఆమెకు చదువు చెప్పిన టీచర్‌నని చెప్పాను. సాయంత్రానికి ఆమే ఫోను చేసింది.

"మిస్, మీరు... లెక్కల మిస్సేనా?" అంది.

"అవునమ్మా. నీ పుస్తకం చదివాను."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత, "మొత్తం చదివిన్రా మిస్?" అని అడిగింది, ఎనిమిదో తరగతి పిల్ల గొంతుతో.

"మొత్తం చదివాను. చాలా బాగుంది. నిన్ను చూడాలని ఉంది."

ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తుంది. తల్లితో కలిసి యాప్రాల్‌లో ఉంటుంది. శనివారం మధ్యాహ్నం రమ్మంది. నేను బయల్దేరే ముందు ఏం మాట్లాడాలో మనసులో పాఠంలా వల్లె వేసుకున్నాను. ఆటోలో వెళ్తుంటే సగం మరిచిపోయాను.

తలుపు తీసింది తల్లి. డెబ్బై ఏళ్లకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. సన్నటి మనిషి, తల మీద తెల్లటి ఓణీ.

"రాన్రి టీచర్, జెర కూసోండి. బిడ్డ ఫోన్ జేసింది. ఆఫీసుల ఏదో అర్జెంట్ పని వడ్డదంట, ఇంకో గంట అయితదట. మిమ్మల్ని పోనియ్యద్దని చెప్పింది" అంది.

మంచినీళ్లు ఇచ్చి, నా ఎదురుగా కూర్చుంది. టీ పెట్టనా అని అడిగింది. తర్వాత తాగుతానన్నాను. ఇద్దరం కాసేపు వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. నేనే ముందు ఎత్తాను.

"ఆపా, మీ అమ్మాయి పుస్తకంలో నా గురించి ఉంది. మీరు చదివారా?"

"బిడ్డనే సదివి వినిపిచ్చింది." ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "గందుకే మీరొస్తున్నరంటే నాకు మూడు దినాల సంది పరేషాన్. మీతోని ఒక మాట చెప్పాలె. బిడ్డ రాకముందే చెప్పాలె."

"చెప్పండి."

"టీచర్, ఆ పుస్తకం మీరు వాపస్ ఇచ్చిన్రు."

నేను ముందుకు వంగాను. సరిగా వినలేదేమో అనుకున్నాను.

"మా ఆయనకు ఇచ్చిన్రు. పేరెంట్స్ మీటింగుల. నాకు సుత తెల్వది గప్పుడు. ఆఖరికి ఆయన మంచంల వడ్డప్పుడు ఒకనాడు నన్ను పక్కన కూసోబెట్టుకొని చెప్పిండు. మీటింగని దుకాణం బంద్ వెట్టి పోయిండు. ఇస్త్రీ షర్టు ఏస్కొని పోయిండు, గది నాకు యాదికుంది. మీరు అందరి ముంగట, 'మీ అమ్మాయి క్లాసుల నవలలు చదువుతది, ఇంట్ల ఎవ్వరు చూస్కోరా' అన్నరట."

నేను మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"ఆయనకు చదువు రాదు టీచర్. పుస్తకం చేతులకొస్తే అండ్ల ఏమున్నదో ఎట్ల తెలుస్తది? ఏదో ఖరాబు పుస్తకమనుకున్నడు. ఇంటికొచ్చి నన్ను అడిగితే అయిపోయేదుండె. నేను చెప్తుంటి, మేమిద్దరం కలిసి చదువుతున్నమని. అడగలే. శరమయింది ఆయనకు. సీదా దుకాణంకు వోయిండు. గుస్సాల, కుడుతున్న పరుపుల వెట్టి కుట్టేసిండు."

"పరుపులోనా?"

"పరుపులనే. దూది నడుమ." ఆమె ఓణీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందనే అనుకున్నాను, కానీ కళ్లు నిండి ఉన్నాయి. "ఎవరింటికి వోయిందో ఆ పరుపు! ఎవ్వలు పండుకున్నరో దాని మీద! గట్టిగ తాకుతుందని ఒక్కలన్న వాపస్ రాలే."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఇద్దరం నవ్వాం, తర్వాత ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం. నవ్వు ఆగాక ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"తర్వాత చానా తక్లీఫ్ పడ్డడు టీచర్. మేము కథ అల్లుకుంటుంటే ఆ మూలకు కూసొని వింటుండె. ఒక్క మాట అనకపోతుండె. బిడ్డను కాలేజీల చేర్పించిందీ ఆయన్నే, చుట్టాలందరు వద్దంటుంటే. ఇప్పుడు దానికి ఎట్ల చెప్పాలె? అబ్బా అంటే దానికి పానం. కితాబు నిండ ఆయన్నే ఉన్నడు. తప్పు మీ మీద వడ్డది, నాకు తెల్సు. నేనే చెప్తా. జెర టైమియ్యిన్రి."

నేను తలూపాను. నా మీద పడిన నింద తప్పని తేలింది. ఇంటి నుంచి బయల్దేరినప్పుడు నేను కోరుకున్నది అదే. కానీ అది చేతికి వచ్చేసరికి తేలికగా లేదు. పుస్తకం నేను ఉంచుకోలేదు, నిజమే. ఇస్త్రీ చేసిన షర్టు వేసుకుని, దుకాణం మూసుకుని వచ్చిన మనిషిని నలుగురిలో నిలబెట్టి ఆ మాట అన్నది మాత్రం నేనే. ఆ మాట కూతురి పుస్తకంలో లేదు. కూతురికి తెలియదు. నా మీద ఉన్న తప్పు ఒకటి కొట్టేసి, రాయనిది ఇంకొకటి నా చేతికిచ్చినట్టయింది.

కూతురు వచ్చింది. నలభై ఆరేళ్ల మనిషి, జుట్టులో అక్కడక్కడా తెలుపు. భుజానికి ఆఫీసు బ్యాగు, చేతిలో బేకరీ నుంచి తెచ్చిన ఉస్మానియా బిస్కట్ల పొట్లం. గుమ్మంలో నన్ను చూడగానే నిటారుగా నిలబడి, "గుడ్ ఆఫ్టర్‌నూన్ మిస్" అంది. అని, తనే సిగ్గుపడింది.

టీ తాగాక నేను చెప్పాను. "అమ్మా, క్లాసులో అందరి ముందు నిన్ను అన్న మాటకు నన్ను క్షమించు. అది తప్పు."

ఆమె కప్పు కింద పెట్టింది. "అంత పెద్ద మాటలొద్దు మిస్. నేను మిమ్మల్ని బదనాం చేద్దామని రాయలే. ఆ దినం నాకు అట్లనే యాదికుంది, అట్లనే రాసిన." బిస్కట్ల పొట్లం నా వైపు జరిపి అడిగింది. "పుస్తకం ఏమైంది మిస్?"

తల్లి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. నేను అటు చూడలేదు.

"నా దగ్గర లేదమ్మా. ఇల్లంతా వెతికాను" అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ సగమే.

ఆ తర్వాత కొన్ని నెలలు నా చదువు వేరేగా సాగింది. అంతకుముందు చదివిన జ్ఞాపకాల పుస్తకాలే మళ్లీ తీశాను. అవే టీచర్లు, అవే తిట్లు. ఈసారి ఒళ్లు మండలేదు. అలాగని రాసినవాళ్లు అబద్ధం ఆడారనీ అనిపించలేదు. పదమూడేళ్ల పిల్లకు ఎంత తెలిసిందో అంత రాసింది. ఆ పిల్లకు అదే నిజం. కానీ పేజీలో ఎవరి మీదైనా తలుపు మూసుకున్నట్టు ఒక వాక్యం ఉంటే, అక్కడ ఆగి, ఆ మనిషి ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఏం చేసి ఉంటాడా అని ఆలోచించడం అలవాటైంది. దీనివల్ల చదివే వేగం బాగా తగ్గింది.

ఇంకో సంగతి కూడా జరిగింది. ఆ మీటింగు గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. ఒక రోజు చర్చిలో కూర్చుని ఉండగా, బెంచీ చివర ఒదిగి కూర్చున్న ఒక మనిషి కళ్ల ముందు మెదిలాడు. కనుబొమల మీద దూది. నా మనసు ఎగిరి గంతేసింది, దొరికాడని. ఇంటికి వచ్చాక అనుమానం మొదలైంది. ఆయన నాకు నిజంగా గుర్తొచ్చాడా, లేక ఆమె పుస్తకంలో చదివినదే నా జ్ఞాపకమై కూర్చుందా? ఇప్పటికీ చెప్పలేను.

చలికాలంలో ఒక ఆదివారం ఆమె ఒక్కతే మా ఇంటికి వచ్చింది. మా ఆయనే తలుపు తీశారు. నేను హాల్లోకి వచ్చేసరికి చెప్పులు విడిచి నిలబడి ఉంది.

"అమ్మీ చెప్పింది మిస్" అంది.

కూర్చోమన్నాను. కూర్చుంది.

"మొన్న నేను ఆ చాప్టర్ మళ్లీ చదువుతున్న, ఒక మీటింగుల చదవాలని ప్రాక్టీస్. వింటూ వింటూ అమ్మీ, ఆపు అంది. ఆపి మొత్తం చెప్పింది. మీకు అప్పుడే తెలుసట కదా."

"తెలుసు."

"తెలిసి కూడా నాకు సారీ చెప్పిన్రా?"

"అన్న మాటకు చెప్పాను. ఆ మాట నాదే కదమ్మా. మీ నాన్నగారితో అన్నదీ నాదే. ఆయనకూ చెప్పాల్సింది."

ఆమె నా వైపు తిరిగి, "ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. మీకు నిజంగ ఏం గుర్తు లేదా? ఆ దినం, నేను?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. చెబితే ఆమె సంతోషించేదేమో.

"లేదమ్మా" అన్నాను.

"పుస్తకం పోయినదానికంటే నాకు అదే ఎక్కువ బాధ మిస్. నేను ముప్పై మూడేండ్లు మోసిన. మీ దగ్గర ఒక్క దినం కూడా లేదు."

సరిగ్గా అప్పుడు మా ఆయన వంటగదిలోంచి తొంగి చూసి, "అమ్మాయ్, ఉల్లిపాయ పకోడీ వేస్తున్నాను. కారం తింటావా, తగ్గించనా?" అని అడిగారు. ఆయన గుమ్మం వెనకే నిలబడి అంతా వింటున్నారని మా ఇద్దరికీ తెలిసిపోయింది. ఆమె ముందు నవ్వింది. "మంచిగనే తింటా అంకుల్" అంది.

పకోడీ తింటూ అసలు విషయానికి వచ్చింది. పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నారు. ఆ పేజీని ఏం చెయ్యాలి?

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను.

"మీ మీద రాసింది తప్పు కాబట్టి మార్చాలె. కానీ మారిస్తే అబ్బా సంగతి రాయాలె. రాద్దామని కూసున్న మిస్, మూడు సార్లు. రాస్తే ఆ ఒక్క పేజీనే అందరికీ యాదికుంటది. పరుపుల పుస్తకం కుట్టినోడు అనే అంటరు. కాలేజీకి సైకిల్ మీద తీసుకపోయినోడు అనరు. నవలైతే వేరే మిస్. నవలల ఆయన్ని తిట్టొచ్చు, కొట్లాడొచ్చు, మళ్లీ మంచిగ చేసుకోవచ్చు, ఎన్ని పేజీలైనా ఉంటయి. ఇండ్ల ఒక్క మాట రాస్తే అదే మిగులుతది."

నేను ఇన్నేళ్లుగా చదువుతున్నా ఈ మాట ఇంత సూటిగా అనుకోలేదు. నవలా, జ్ఞాపకాలా, ఏది గొప్ప అని స్నేహితులతో వాదించిన రోజులు గుర్తొచ్చాయి. అవతలివాళ్లు తిరిగి మాట్లాడలేనప్పుడు ఏది రాయడం న్యాయం అని ఒక్కసారీ అడగలేదు.

"నా గురించి ఆలోచించకు" అన్నాను. "కారణాంకాల మాట తీసెయ్యకు. అది ఉండాలి. ఏ టీచరమ్మైనా చదివితే పనికొస్తుంది. మిగతాది నీ ఇష్టం."

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "మీరు కూడా రాయండి మిస్, మీ దిక్కు నుంచి. అబ్బా సంగతి కూడా రాయండి, అమ్మీని అడిగిన, సరే అంది. మీరు రాస్తే వేరే ఉంటది. పేర్లు మాత్రం వద్దు" అంది. నేను ఇది రాయడానికి అదే కారణం. లెక్కలు రాసిన చెయ్యి ఇది, వాక్యాలకు అంత అలవాటు పడలేదు.

వేసవిలో రెండో ముద్రణ వచ్చింది. ఒక కాపీ పంపింది. కారణాంకాలు అలాగే ఉన్నాయి, ఎడమ చెయ్యి, కుడి చేతి వాచీ అలాగే ఉన్నాయి. పేరా చివర ఒక్క వాక్యం మారింది. "ఆ పుస్తకం మళ్లీ మా చేతికి రాలేదు" అని ఉంది. నా పేరూ లేదు, తండ్రి పేరూ లేదు. వేగంగా చదివేవాళ్లు ఆ వాక్యం దగ్గర ఆగరు. ఆగాల్సిన పని కూడా లేదు. మా ఆయనకు చూపిస్తే, "మార్చిందా? ఏం మార్చింది?" అని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని వెతుక్కున్నారు.

ఇప్పుడు ఆమె ఒక నవల రాస్తోంది. పరుపుల దుకాణం, ఒక తండ్రి, ఒక కూతురు. మొదటి పది అధ్యాయాలు టైపు చేసినవి నాకు పంపింది, చదివి చెప్పమని. నాలుగు రోజులు కూర్చుని చదివాను. ఆ తండ్రి మంచివాడూ, మొండివాడూ, కొన్నిచోట్ల దుర్మార్గుడూ. ఆయన్ని వదలబుద్ధి కాలేదు. ఆమెకు ఫోను చేసి, నచ్చినవన్నీ చెప్పాను.

"నచ్చనివి మిస్?"

"ఒకటుందమ్మా. ఏడో అధ్యాయంలో కూతురికి ఇరవై రెండేళ్లన్నావు. అదే అధ్యాయంలో తల్లికి ముప్పై మూడు. ఆ లెక్కన పదకొండో ఏట కన్నదన్నమాట."

అటువైపు నుంచి పెద్ద నవ్వు. "అయ్యో! అమ్మీకి తెలిస్తే చంపుతది. ఇప్పుడే మారుస్తా." కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "అబ్బాది కూడా చూసిన్రా మిస్? ఆయన వయసు?"

"చూశాను" అన్నాను. "ఆయనది సరిగ్గానే ఉంది."